రాష్ట్ర గీతం: పాఠం, వరస, సభా మర్యాద – తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో ప్రార్థన నడిపే ఉపాధ్యాయులకు, సభలు నిర్వహించేవారికి, తెలుగు సంఘాల సాంస్కృతిక కార్యదర్శులకు ఎక్కువగా వచ్చే సందేహాలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గీతాల గురించి వివరంగా, పొరుగు రాష్ట్రాల గీతాల గురించి అవసరమైనంత మేరకు రాశాం.

రాష్ట్ర గీతం అంటే ఏమిటి? జాతీయ గీతానికి ఉన్నంత హోదా దానికీ ఉంటుందా?

ఉండదు. జాతీయ గీతాన్ని గౌరవించడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం పౌరుల విధి. దాన్ని పాడనివ్వకుండా కావాలని అడ్డుకున్నా, పాడుతున్న సభను చెదరగొట్టినా 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. రాష్ట్ర గీతం ప్రస్తావన రాజ్యాంగంలో లేదు, 1971 చట్టమూ దానికి వర్తించదు. రాష్ట్ర మంత్రివర్గ నిర్ణయం, ప్రభుత్వ ఉత్తర్వు, శాసనసభ తీర్మానం, ఏళ్ల తరబడి వస్తున్న అలవాటు: వీటిలో ఏదో ఒకటి దానికి ఆధారం.

అందుకని దాని విలువ తగ్గిందనుకోకూడదు. మన రెండు రాష్ట్రాల గీతాలూ ఉత్తర్వులు పుట్టించినవి కావు. ముందు జనం పాడుకున్నారు, ఆ తర్వాతే ప్రభుత్వాలు తలకెత్తుకున్నాయి.

రాష్ట్ర గీతం అనాలా, రాష్ట్ర గేయం అనాలా?

‘జనగణమన’ జాతీయ గీతం, ‘వందేమాతరం’ జాతీయ గేయం. ఈ తేడా 1950 జనవరి 24 నుంచి ఉంది. రాష్ట్రాల విషయంలో అలాంటి జంట లేదు కాబట్టి ‘రాష్ట్ర గీతం’ అంటే సరిపోతుంది. ఆహ్వాన పత్రికలో మాత్రం ‘రాష్ట్ర జాతీయ గీతం’ అని వేయకండి. తరచుగా కనిపించే తప్పు ఇదే.

ఆంధ్రప్రదేశ్ గీతం ఎవరు రాశారు? మొదట దేనికోసం రాశారు?

‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ రాసింది శంకరంబాడి సుందరాచారి (1914–1977). తిరుపతి పక్కనున్న తిరుచానూరులో పుట్టారు. తిరుపతిలో శంకరంబాడి కూడలి ఆయన పేరిటే ఉంది. 1942లో ఒక సినిమా కోసం రాసిన పాట ఇది, ఆ సినిమాలో మాత్రం చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. 1975లో హైదరాబాదులో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల్లో ఆమె పాడాక రాష్ట్ర గీతం స్థాయికి ఎదిగింది.

ఇక్కడ తేదీలు గుర్తుంచుకోవాలి. 1942 నాటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. కవి పుట్టిన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, హైదరాబాదు నిజాం పాలనలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చాయి. అంటే ఈ పాటకు ముందు తల్లి ఉంది, రాష్ట్రం తర్వాత వచ్చింది. పాట మొక్కేది భాషకు. ఈ సంగతి పట్టుకుంటే మిగతా ప్రశ్నలు చాలావరకు విడిపోతాయి.

ఇంకొక్క మాట. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర చిహ్నాలను కొత్తగా ప్రకటించినప్పుడు వేప, రామచిలుక, కృష్ణజింకలతో పాటు రాష్ట్ర పుష్పంగా మల్లెను తీసుకుంది. పాట మొదటి పాదంలోనే ఆ పువ్వు 76 ఏళ్ల ముందునుంచీ ఉంది.

ఆ పాటలో వచ్చే చోట్లు, మనుషులు అందరూ నేటి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవాళ్లేనా?

కాదు. పిల్లలకు పాట నేర్పేటప్పుడు గోడమీద పటం పెట్టి ఒక్కో పేరు చూపించండి, విషయం వాళ్లకే అర్థమవుతుంది.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. రెండూ మహారాష్ట్ర. తిక్కన నెల్లూరివాడు, అది ఆంధ్రప్రదేశ్. త్యాగయ్య తెలుగులోనే పాడాడు, కానీ ఆయన ఇల్లు, సమాధి ఉన్నది తమిళనాడులోని తిరువైయారులో. రుద్రమ్మ ఓరుగల్లు రాణి, ఇప్పుడది తెలంగాణ. కృష్ణరాయలు, తిమ్మరుసు విజయనగర సామ్రాజ్యం వాళ్లు, దాని రాజధాని హంపి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అమరావతి శిల్పాలంటే కవి ఉద్దేశం బౌద్ధ స్తూపం సున్నపురాతి చెక్కడాలు. స్తూపం ఉన్నది పల్నాడు జిల్లాలోనే అయినా, దాని శిల్పాల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 2015లో రాజధానికి అదే పేరు పెట్టిన తర్వాత, ‘అమరావతి నగర’ అనగానే కొత్త రాజధాని గురించేనని చిన్నపిల్లలు అనుకుంటున్నారు. అది సరిచేసి చెప్పాలి.

సరిహద్దులు గీసి చూస్తే పాటలో సగం పేర్లు బయటికి పోతాయి. భాష పరంగా చూస్తే ఒక్కటీ బయటికి పోదు. 2014 జూన్ 2 తర్వాత కూడా ఈ పాటలో అక్షరం మార్చకుండా ఉంచడం సరైన పని.

మరి తెలంగాణలో ఆ పాట ఎందుకు వదిలేశారు?

ఉమ్మడి రాష్ట్రంలో ‘తెలుగు తల్లి’ అన్న మాట భాషకే కాక రాష్ట్ర ఐక్యతా నినాదానికీ గుర్తుగా మారింది. ప్రత్యేక రాష్ట్రం అడిగినవాళ్లకు ఆ బొమ్మలో తమ ఊరు, తమ యాస, తమ కవులు కనిపించలేదు. ఆ పాటలో తిక్కన ఉన్నాడు, జనగామ జిల్లా బమ్మెర వాడైన పోతన లేడు. రామప్ప లేదు, చార్మినార్ లేదు. ఈ లోటు నిజమైనదే, కోపంతో పుట్టించుకున్నది కాదు. తెలంగాణ తల్లి రూపం, దానికొక పాట ఉద్యమంలోంచి వచ్చాయంటే కారణం ఇదే. పక్క రాష్ట్రం గీతమైనంత మాత్రాన తెలంగాణలో దాన్ని పాడకూడదనే నిషేధం లేదు. అధికారిక సభలో రాష్ట్ర గీతంగా మాత్రం అది పనికిరాదు.

తెలంగాణ రాష్ట్ర గీతం ఎప్పుడు అధికారికమైంది?

‘జయ జయహే తెలంగాణ’ రాసింది అందెశ్రీ. అసలు పేరు అందె ఎల్లయ్య, ఊరు రేబర్తి. బడికి వెళ్లి చదువుకున్నవారు కారు. ఉద్యమకాలంలో ఊరూరి సభల్లో పాట మార్మోగినా, రాష్ట్రం వచ్చాక పదేళ్లు అధికారిక గీతమంటూ ఏదీ లేదు. 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం దీన్ని రాష్ట్ర గీతంగా ఆమోదించింది. వాహనాల నంబరు పలకల మీద ‘టీఎస్’ బదులు ‘టీజీ’ రావాలన్న నిర్ణయమూ ఆ సమావేశంలోదే. ఎం.ఎం. కీరవాణి స్వరపరిచిన రూపాన్ని 2024 జూన్ 2న, రాష్ట్రావతరణకు పదేళ్లు నిండిన రోజున, సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో విడుదల చేశారు. తెలంగాణ పాటకు తెలంగాణ సంగీతకారుణ్నే పెట్టాల్సిందన్న అభ్యంతరం అప్పట్లో గట్టిగా వినిపించింది. అందెశ్రీ 2025 నవంబరులో కన్నుమూశారు.

మా దగ్గరున్న పాత పుస్తకంలో ‘పది జిల్లల నీ పిల్లలు’ అని ఉంది. ఇప్పుడు ‘పదపదాన నీ పిల్లలు’ అంటున్నారు. ఏది సరి?

అధికారిక పాఠం ‘పదపదాన’. సభల్లో, బడుల్లో అదే పాడాలి.

పాట రాసినప్పుడు తెలంగాణలో జిల్లాలు పది. 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. పాటలో లెక్క పెడితే ఏదో ఒకరోజు తప్పిపోతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మార్పు జరిగిన తీరు చూడండి. ‘పది జిల్లల’కు ఆరు మాత్రలు (హ్రస్వాక్షరం పలికేంత కాలం ఒక మాత్ర), ‘పదపదాన’కూ ఆరే. అందుకే పాడేటప్పుడు ఎక్కడా కుంటుపడదు. ‘ప’తో మొదలు కావడం వల్ల ‘పిల్లలు’, ‘ప్రణమిల్లిన’ మాటలతో పొత్తు కూడా చెడలేదు. పోయింది ఒక్కటే. జిల్లల, పిల్లలు, ప్రణమిల్లిన అంటూ మూడుసార్లు మోగిన ‘ల్ల’ ఇప్పుడు రెండుసార్లే మోగుతుంది. పాత పాఠం నోటికొచ్చిన పెద్దలు ఆ చోట తడబడటానికి కారణం ఈ మోతే. సాధన చేయించేటప్పుడు ఈ పాదాన్ని విడిగా పదిసార్లు అనిపించండి.

‘ముక్కోటి గొంతుకలు’ కూడా లెక్కే కదా, అది ఎందుకు మార్చలేదని అడుగుతారు. ముక్కోటి దేవతలు అన్నట్టు తెలుగులో ముక్కోటి అంటే ‘లెక్కలేనంతమంది’ అన్న అర్థం ఎప్పటినుంచో స్థిరపడింది. జనాభా పెరిగినా ఆ మాట పాతబడదు.

రెండు రాష్ట్రాల పాటల్లోనూ ఉన్నవి ఏమైనా ఉన్నాయా?

గోదావరి, కృష్ణ, రుద్రమ. ఈ మూడూ రెండు పాటల్లోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పాటలో నదులు ఇప్పటికే గలగలా, బిరబిరా పారుతున్నాయి, పంట పండుతోంది. తెలంగాణ పాట ఉద్యమకాలపు పాఠంలో ఆ రెండు నదులూ ‘మన బీళ్లకు మళ్లాలి’ అన్న కోరిక ఉండేది. రెండూ అవే నదులు. ఒకచోట కాలువ కింద నిలబడి చూసినవాడి మాట, మరోచోట ఎండిన చెరువు గట్టుమీద నిలబడి చూసినవాడి మాట. నీళ్ల గురించి ఎన్ని వ్యాసాలు చదివినా ఈ తేడా ఇంత సూటిగా తెలియదు.

మహారాష్ట్ర గీతంలోనూ రేవా, వరదా, కొయనా, భద్రా నదులతో పాటు కృష్ణ, గోదావరి ఉన్నాయి. ఒకే నదిని మూడు రాష్ట్రాలు తమ పాటలో తమదంటున్నాయి. ఎవరూ తప్పు చెప్పడం లేదు.

‘జయ జయహే తెలంగాణ’ రెండు నిడివుల్లో ఉంది. మా కార్యక్రమానికి ఏది వేయాలి?

ప్రభుత్వం విడుదల చేసినవి రెండు: రెండున్నర నిమిషాల రూపం, పదమూడున్నర నిమిషాల పూర్తి రూపం. సభ, బడి, ప్రారంభోత్సవం, బహుమతి ప్రదానం: వీటన్నిటికీ చిన్నదే. పెద్దది వినడానికి, నృత్యరూపకాలకు, రాష్ట్రావతరణ దినం నాటి సాంస్కృతిక కార్యక్రమాలకు. పెద్దది పొరపాటున మొదలైతే మూడో నిమిషంలో ఆపలేక, నిలబడ్డవాళ్లను కూర్చోమనలేక నిర్వాహకులు ఇరుకున పడతారు. కంప్యూటర్‌లో రెండు ఫైళ్లూ ఒకే పేరుతో ఉండటం వల్ల జరిగే ప్రమాదమిది. ఫైలు పేరులోనే నిడివి రాసిపెట్టుకోండి.

పాట మాకు నచ్చిన వరసలో పాడుకోవచ్చా?

ఇంట్లో, కచేరీలో పాడుకోవచ్చు. అధికారిక కార్యక్రమంలో వద్దు.

దీని మీద పూర్తి స్థాయి వివాదం నడిచింది కర్ణాటకలో. కువెంపు రాసిన ‘జయ భారత జననియ తనుజాతె’ను 2004 జనవరిలో రాష్ట్ర గీతంగా ప్రకటించారు. పాఠం తేలింది కానీ వరస తేలలేదు. మైసూరు అనంతస్వామి వరస కొందరిది, సి. అశ్వత్థ్ వరస ఇంకొందరిది. ఒక్కో సభలో ఒక్కో నిడివి. చివరికి 2022 సెప్టెంబరులో ప్రభుత్వం అనంతస్వామి వరసనే ఖరారు చేసి, ఆలాపనలు, పునరావృతులు లేకుండా మొత్తం పాఠాన్ని 2 నిమిషాల 30 సెకన్లలో ముగించాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వు మీద హైకోర్టుకు కూడా వెళ్లారు. పాట ఎంపికైన 18 ఏళ్ల తర్వాత వరస ఖరారైందన్నమాట. ఏ రాష్ట్రమైనా పాఠం, వరస, నిడివి మూడూ ఒకే ఉత్తర్వులో పెట్టాలని చెప్పేది ఇందుకే.

తెలంగాణలోనూ ఈ చిక్కు చిన్నగా ఉంది. ఉద్యమం నాటి వరస వేరు, 2024 వరస వేరు. స్పీకరులో కొత్తది మోగుతుంటే ముందు వరసలోని పెద్దలు పాతది అందుకుంటారు. రెండో పాదానికే రెండూ విడిపోతాయి. సభికులు కూడా గొంతు కలపాలనుకుంటే పాట మొదలుకు ముందు వాద్యం మీద మొదటి పాదం వరస ఒక్కసారి వినిపించండి. అందరూ దాన్లోకి వస్తారు.

కార్యక్రమంలో ఎప్పుడు పాడాలి? మొదటా, చివరా?

సాధారణంగా రాష్ట్ర గీతం మొదట, జాతీయ గీతం చివర. తమిళనాడు శాసనసభలో కూడా ఇదే పద్ధతి. మొదటే జాతీయ గీతం వినిపించలేదన్న కారణంతో 2025 జనవరిలో గవర్నరు సభనుంచి వెళ్లిపోయినప్పుడు దేశమంతా దీని గురించి మాట్లాడుకుంది. గవర్నరు, ముఖ్యమంత్రి వచ్చే సభ అయితే ప్రోటోకాల్ విభాగం ఇచ్చే క్రమపట్టికే చివరి మాట, సొంతంగా నిర్ణయించకండి. దీపప్రజ్వలన ఉంటే అతిథులు వేదికమీద తమ చోట్లకు వచ్చాక గీతం, ఆ తర్వాత దీపం. గీతం నడుస్తుండగా పూలగుత్తులు ఇవ్వడం, శాలువా కప్పడం, ఫొటోలకు జరగడం తప్పు.

రాష్ట్ర గీతానికి లేచి నిలబడాలా? నిలబడకపోతే శిక్ష ఉందా?

నిలబడటం మర్యాద, పాటించాలి. చట్టపరంగా అయితే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. తమిళనాడులో 2021 డిసెంబరులో హైకోర్టు, తమిళ తల్లి వందన గీతం ప్రార్థనా గీతమే కాబట్టి నిలబడి తీరాలన్న చట్టబద్ధ ఆదేశం లేదని చెప్పింది. కొద్ది రోజుల్లోనే, డిసెంబరు 17న, ప్రభుత్వం దాన్ని రాష్ట్ర గీతంగా ప్రకటించి, పాడుతున్నప్పుడు అందరూ నిలబడాలని, దివ్యాంగులకు మినహాయింపని, 55 సెకన్లలో ముగించాలని ఉత్తర్వు ఇచ్చింది.

బడిలో ఒక పిల్లవాడు తన మతవిశ్వాసం వల్ల పాడనంటే బలవంతపెట్టకండి. జాతీయ గీతం విషయంలోనే, గౌరవంగా నిలబడి మౌనంగా ఉన్న కేరళ విద్యార్థులను బడినుంచి తీసేయడం చెల్లదని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర గీతానికి అంతకంటే కఠినంగా ఉండలేం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూర్చునే ఉంటే వ్యాఖ్యాత మైకులో ఎత్తిచూపడం మరీ తప్పు. ‘వీలైనవారు లేచి నిలబడండి’ అంటే చాలు.

తమిళనాడు గీతంలో తెలుగు ప్రస్తావన తీసేశారంటారు. నిజమేనా?

నిజమే. ఆ గీతం మనోన్మణీయం సుందరం పిళ్లై 1891లో రాసిన నాటకంలోని ప్రార్థన. మూలంలో కన్నడం, తెలుగు, మలయాళం, తుళు భాషలు తమిళం కడుపున పుట్టాయన్న పాదం ఉంది. ఆర్య భాష వాడుకనుంచి పోయిందన్న మాటా ఉంది. 1970లో ప్రభుత్వ కార్యక్రమాలకు ప్రార్థనా గీతంగా తీసుకున్నప్పుడు ఈ పాదాలు వదిలేశారు. ఎం.ఎస్. విశ్వనాథన్ మోహన రాగంలో, తిశ్ర తాళంలో కట్టిన వరసలో ఇప్పుడు పాడేది ఆ కుదించిన పాఠమే.

తమిళనాడులో చదువుకునే తెలుగు పిల్లలు కూడా పాడే పాట ఇది. తెలుగు ‘కూతురు భాష’ అన్న మాట భాషాశాస్త్రం ప్రకారం నిలవదు. తెలుగు, తమిళం ఒకే మూల ద్రావిడం నుంచి వచ్చిన తోబుట్టువులు. ఆ పాదం లేకపోవడం వల్ల పక్కింటి పిల్లలు కూడా మనస్ఫూర్తిగా పాడుకోగల పాట అయింది.

వదలకూడనిది వదిలితే ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. 2024 అక్టోబరులో చెన్నైలో జరిగిన ఒక అధికారిక వేడుకలో ‘ద్రావిడ’ అన్న మాట ఉన్న పాదం పాడకుండా దాటిపోయారు. ఆ రోజే రాష్ట్రమంతా నిరసన, ఆపైన క్షమాపణ. ఒక్క పాదమే కదా అనుకోకూడదు. పాడేవాళ్ల చేతిలో కాగితం ఉండాలి, ఎంత కంఠస్థమైనా సరే.

బడిలో రాష్ట్ర గీతం నేర్పడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఎలా మొదలుపెట్టాలి?

రోజుకు 15 నిమిషాలు కేటాయిస్తే వారం పది రోజులు చాలు. మొదటి రెండు రోజులు వరస ముట్టుకోకండి, మాటలే చదివించండి. పిల్లలు వినికిడితో నేర్చిన పాటలో తప్పులు ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఆంధ్రప్రదేశ్ పాటలో ముందుగా విప్పి చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘తిక్కయ్య’ అంటే కవి తిక్కన. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోతే ‘తిక్క’ అని వినపడగానే తరగతంతా నవ్వుతుంది, ఆ నవ్వు సభదాకా వస్తుంది. ‘తారాడు’ అంటే అటూ ఇటూ కదలాడు. ‘దొరులుతాయి’ని ‘దొరుకుతాయి’ అని పాడేస్తారు. ముత్యాలు దొర్లిపడుతున్నాయని చేత్తో చూపిస్తే మరిచిపోరు. ‘ధీయుక్తి’లో వత్తు పలికించాలి, ధీ అంటే బుద్ధి. ‘భుజశక్తి’, ‘పతిభక్తి’, ‘ధీయుక్తి’ మూడూ వరసగా వస్తాయి, ఊపిరి అక్కడే తెగుతుంది. ఆ పాదానికి ముందే నిండుగా గాలి తీసుకోమనండి.

తెలంగాణ పాటలో ‘కేతనం’ అంటే జెండా, ‘నీరాజనం’ అంటే హారతి, ‘వైతాళికుడు’ అంటే మేలుకొలుపు పాడేవాడు, ‘గండరగండడు’ అంటే వీరుల్లో వీరుడు. చివరిది నోరు తిరగడానికి కష్టం. గండర, గండడు అని రెండుగా విరిచి నాలుగైదుసార్లు అనిపించి, ఆ తర్వాత కలపండి. ‘జయ జయహే’ని ‘జై జైహే’ చేయడం చాలా చోట్ల వినిపిస్తుంది, మాత్రలు తగ్గకపోయినా రెండు అక్షరాలు కరిగిపోతాయి.

మూడో రోజునుంచి వరస. శ్రుతి ఎంచుకునే పద్ధతి ఒక్కటే. పాటలో పైకి వెళ్లే పాదం ఏదో చూసి, ముందు అదే పాడించండి. తరగతిలో బలహీనమైన గొంతు కూడా అరవకుండా అక్కడికి అందితే అదే మీ శ్రుతి. పల్లవి సుఖంగా ఉందని శ్రుతి పెడితే చరణంలో సగం మంది నోరు మూసేస్తారు. పిల్లలకు నాలుగు, ఐదు శ్రుతుల (హార్మోనియంలో ఎఫ్, జి) దగ్గర మొదలుపెట్టి చూడండి. తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు గొంతు మారుతూ ఉంటుంది కాబట్టి వాళ్లను కింది స్థాయిలో పాడనివ్వండి, పైకి లాగొద్దు.

సభలో పాట చెడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేవి ఏవి?

ఫోనులోంచి పాట వేయడం. యూట్యూబ్‌లో పెడితే ముందు ప్రకటన వస్తుంది, మధ్యలో ఎవరిదో కాల్ వస్తుంది. ఫైలు దించుకుని ఉంచుకోవాలి, ఫోను విమానం గుర్తు మీద పెట్టాలి, స్పీకరుకు బ్లూటూత్ కాకుండా తీగ కలపాలి. సభకు అరగంట ముందు మొదటి పది సెకన్లు కాదు, పాట మొత్తం వేసి వినండి. చివర్లో తెగిపోయిన ఫైళ్లు అలానే బయటపడతాయి.

రెండోది పెద్ద మైదానం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో ఉన్న తరగతికి పాట పదోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. 100 మీటర్ల దగ్గర ఆ ఆలస్యం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వెనక వరస పిల్లలు నెమ్మదిగా పాడుతున్నారని తిడతారు గానీ, వాళ్లు వినపడిన దానికి సరిగ్గానే పాడుతున్నారు. మందు ఇదే: చేత్తో తాళం చూపించే ఉపాధ్యాయుడు అందరికీ కనిపించేలా ఎత్తు మీద నిలబడాలి, పిల్లలు చెవిని కాక చేతిని అనుసరించాలి.

మూడోది మైకులు. ఆరుగురు పాడేవాళ్లకు రెండు మైకులు చాలు, నోటికి జానెడు దూరంలో. ఆరు మైకులిస్తే ఆరు సోలోలు వినిపిస్తాయి.

విదేశాల్లో మా తెలుగు సంఘంలో రెండు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. ఏ పాట పాడాలి?

ఉగాది, సంక్రాంతి, భాషా దినోత్సవం లాంటి భాషా వేడుకల్లో సంఘం పేరులో ‘తెలుగు’ ఉంటే ‘మా తెలుగు తల్లికి’ పాడటంలో తప్పు లేదు. పుట్టుకతో అది భాషకు రాసిన పాట. అయితే కార్యవర్గంలోని తెలంగాణ సభ్యులను ముందే అడగండి, వేదిక మీద ఆశ్చర్యపరచకండి. అభ్యంతరం ఉంటే రాష్ట్ర గీతం జోలికి పోకుండా పోతన పద్యమో, త్యాగరాజ కీర్తనో పెట్టుకోవడం మంచి మార్గం. జూన్ 2న తెలంగాణ గీతం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ గీతం. ఇందులో సందేహం అక్కర్లేదు.

‘సమానత్వం కోసం’ రెండూ ఒకదాని వెంట ఒకటి వేయడం మా సలహా కాదు. జనం ఐదు నిమిషాలు నిలబడాలి, రెండో పాట సమయానికి సగంమంది కూర్చుంటారు, ఆ కూర్చోవడానికి లేని అర్థం తీస్తారు. రెండూ కావాలంటే ఒకటి మొదట, ఒకటి విరామం తర్వాత పెట్టి, మరుసటి ఏడాది క్రమం తిప్పండి. ఆ దేశపు జాతీయ గీతం, ‘జనగణమన’ ఉంటే వాటి క్రమం ఆ దేశపు మర్యాద ప్రకారం ముందే రాసుకోవాలి.

అన్ని రాష్ట్రాలకూ అధికారిక గీతం ఉందా?

లేదు. ఉన్నవాటిలోనూ పాట వయసు, గుర్తింపు వయసు వేరువేరు. ఒడిశా ‘వందే ఉత్కళ జననీ’ లక్ష్మీకాంత మహాపాత్ర 1912లో రాసింది, అధికారికమైంది 2020లో. గుజరాత్ గీతం నర్మద్ 1873లో రాసింది, 2011లో గుర్తింపు వచ్చింది. బెంగాల్ వాళ్లు 1905 నాటి రవీంద్రుని పాటను 2023లో తీసుకున్నారు. మహారాష్ట్ర రాజా బఢే పాటలోని రెండు చరణాలను తీసుకుని 2023 ఫిబ్రవరి 19నుంచి, శివాజీ జయంతి నాటినుంచి, అమలు చేసింది. బిహార్ మాత్రం 2012లో కొత్తగా రాయించుకుంది. కొత్తగా రాయించిన పాట జనం నోట పడటానికి చాలా కాలం పడుతుంది, అందుకే ఎక్కువ రాష్ట్రాలు పాత పాట వైపే మొగ్గుతాయి.

గీతాన్ని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టవచ్చా? హక్కుల సమస్య వస్తుందా?

రావచ్చు. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాదినుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. ఆ లెక్కన శంకరంబాడి రచనకు 2037 చివరిదాకా, అందెశ్రీ రచనకు 2085 చివరిదాకా రక్షణ ఉంది. ప్రభుత్వం, స్థానిక సంస్థలు జరిపే అధికారిక వేడుకల్లో పాడటానికి, బడిలో పిల్లలు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు పాడటానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. వీడియో పెట్టడం వేరే సంగతి. పాట హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. ఎవరిదో సినీ గాయకుల రికార్డింగు వెనక వేసి మీ పిల్లల నృత్యం పెడితే ఆ శబ్దానికి అభ్యంతరం వస్తుంది. పిల్లలచేత హార్మోనియం మీద పాడించి రికార్డు చేస్తే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు, వినడానికీ బాగుంటుంది. వివరణలో కవి పేరు తప్పకుండా రాయండి. ‘సంప్రదాయ గీతం’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ రెండు పాటల్లో ఏదీ సంప్రదాయ గీతం కాదు.